మందుకు లొంగని బాక్టీరియా

"మందు ఎక్కువగా వాడితే ఒంటికి అలవాటైపోయి పనిచేయదు" అనే మాట మీ ఇళ్ళలో వినే ఉంటారు. జంషెడ్‌పూర్‌లో డిగ్రీ మొదటి సంవత్సరం తరగతిలో నేను అడిగినప్పుడల్లా చాలామంది ఇదే చెబుతారు. కాని అలవాటు పడేది ఒళ్ళు కాదు, బాక్టీరియా కూడా కాదు. మరి జరిగేదేమిటి?

1952లో జాషువా లెడర్‌బర్గ్, ఎస్తర్ లెడర్‌బర్గ్ దంపతులు దీన్ని ఒక మఖమలు గుడ్డతో తేల్చారు. మందు కలపని పెట్రిడిష్‌లో పెరిగిన బాక్టీరియాపై గుడ్డను అద్ది, రబ్బరు స్టాంపు వేసినట్టు స్ట్రెప్టోమైసిన్ కలిపిన డిష్‌లపై ఒత్తారు. దాదాపు అన్నీ చనిపోయాయి. ఎక్కడో ఒకటి రెండు చోట్ల మాత్రం కాలనీలు పెరిగాయి, అదీ ప్రతి డిష్‌లోనూ ఒకే చోట! మొదటి డిష్‌లో ఆ చోట వెతికితే, మందు ముఖమే ఎరుగని బాక్టీరియాలో దాన్ని తట్టుకునేవి దొరికాయి. అంటే నిరోధకతను మందు పుట్టించలేదు. ఉత్పరివర్తనం వల్ల ముందే ఉన్నవాటిని మిగిల్చింది. పోటీదారులు పోయాక ఆహారమంతా వాటిదే. అనుకూల పరిస్థితుల్లో ఇ.కోలై 20 నిమిషాలకు రెండవుతుంది. ఒక్కటి 7 గంటల్లో ఎన్ని అవుతుందో మీరే లెక్క కట్టండి. ఇరవై లక్షలు దాటాలి.

జలుబు చేసిందని, పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ మాత్ర వేసుకుంటామా? జలుబు తెచ్చే వైరస్‌ను అది ఏమీ చేయదు. మన పేగుల్లోని బాక్టీరియాలో మాత్రం ఈ ఏరివేత మొదలవుతుంది. పైగా ప్లాస్మిడ్ అనే డి.ఎన్.ఎ. వలయాల ద్వారా నిరోధక జన్యువులు వేరే జాతి బాక్టీరియాకూ చేరగలవు.

కర్మాగారాల ఊరివాళ్ళకు ఇంకో ప్రశ్న. ఉక్కు తయారయ్యేచోట లోహమలం మిగులుతుంది. మందులు తయారయ్యేచోట? హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో సుమారు 90 మందుల తయారీదారుల వ్యర్థజలం ఒకే శుద్ధికేంద్రానికి చేరేది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, శుద్ధి చేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. 500 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్న రోగి రక్తంలో లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములకు మించి ఉండదు! ఆ దిగువన నది అడుగు మట్టిలో నిరోధక జన్యువులు, వాటిని మోసుకుపోయే డి.ఎన్.ఎ. భాగాలు ఎక్కువగా ఉన్నాయని లార్సన్ పాల్గొన్న మరో పరిశోధన 2011లో చూపింది. మఖమలు గుడ్డ అక్కడ అక్కరలేకపోయింది.

మీ ప్రయోగశాలలో అధ్యాపకుల సమక్షంలో, హాని చేయని బాక్టీరియాతో యాంటీబయాటిక్ డిస్క్ ప్రయోగం చేయండి. డిస్క్ చుట్టూ ఏర్పడిన ఖాళీ వలయం వ్యాసం కొలిచి ఊరుకోకండి. ఆ వలయం లోపల చుక్కంత కాలనీలు కనిపించవచ్చు. మూత తీయకుండా వాటిని లెక్కపెట్టండి.