తినకపోతే ఏమవుతుంది?

అక్టోబర్ 2కి ఒక పూట తినకుండా ఉండి, ర్యాగింగ్ వద్దని రీల్ చేద్దామనుకున్నాం. "మనం తినకపోతే ఎవడికేం?" అన్నాడు రూమ్మేట్. జవాబు కోసం పొట్టి శ్రీరాములు గారి గురించి చదివాను.

దళితులను నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి రానివ్వాలని 1946లో దీక్ష చేసి సాధించారాయన. తర్వాత నినాదాల అట్టలు తగిలించుకుని, చెప్పుల్లేకుండా ఎండలో తిరిగేవారు. అప్పటి స్టేటస్ అదే! కొందరు పిచ్చివాడన్నారు.

1952 అక్టోబర్ 19న ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో దీక్షకు కూర్చుని, 58వ రోజున, డిసెంబర్ 15న కన్నుమూశారు. వెంటనే అల్లర్లు, పోలీసు కాల్పులు. 19న నెహ్రూ ప్రకటన. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మన చిత్తూరు, తిరుపతి అందులోవే.

దీక్ష లాజిక్ సింపుల్: కష్టం ఎదుటివాడికి పెట్టం, మనమే పడతాం. అది చూసి వాడు ఆలోచించాలి. అందుకే ఏం అడుగుతున్నామో అందరికీ తెలియాలి. కానీ చూసేవాళ్ళకి కోపమొస్తే అది మన చేతిలో ఉండదు. అహింసతో మొదలైనా కాల్పుల దాకా పోయింది కదా.

అందుకే మా రీల్‌లో ఖాళీ ప్లేట్లు తగ్గించాం. జూనియర్ల మాటలు పెంచాం. రూమ్మేటే ఎడిటింగ్ చేస్తున్నాడు. ఆ పూట తింటాడట. తిననీ, బలవంతం చేస్తే అది దీక్ష ఎలా అవుతుంది?