కుక్కకు వేసిన టీకా ఫలించుటెట్లు?

“కుక్కకు సూది వేయించినాము, ఇక భయమేమి?” అను మాట తార్నాకలోను, హబ్సిగూడలోను, రామంతాపూర్‌లోను పెంపుడు కుక్కలు గల ఇండ్లలో తరచుగా వినిపించును. సూది వేయించుట ఒకటి, రక్షణ కలుగుట మరియొకటి. ఈ రెంటి నడుమ తల్లిపాల ప్రభావము, మందునకు కావలసిన చలువ, కొన్ని వారముల ఓపిక ఉన్నవి. వానిని గమనింపనిచో సీసాలోని మందు మేలైనదే యైనను కుక్క ఒంట పనిచేయదు. కుక్కపిల్ల మరణముతో ఆ నష్టము ముగిసిన కొంత నయమే. రేబిస్ విషయమున అది ఇంటిలోని పసిబిడ్డ ప్రాణము వరకు వచ్చును.

రేబిస్ లక్షణములు బయటపడిన పిదప మనిషిని బ్రతికించు చికిత్స నేటికిని లేదనియే చెప్పవలెను. నగరములోని పెద్దలు నేటికిని ‘కోరంటి’ అని పిలుచు నల్లకుంట జ్వరాల ఆసుపత్రికి అట్టి రోగులను తెచ్చినప్పుడు, బాధ తగ్గించుట తప్ప వైద్యులు చేయగలిగినది స్వల్పము. ప్రపంచమున ఏటా సుమారు 59,000 మంది ఈ వ్యాధిచే మరణించుచున్నారని అంచనా. వారిలో దాదాపు అందరికిని అది కుక్క వలననే సంక్రమించుచున్నది. 1885లో లూయీ పాశ్చర్ పారిస్ నగరమున జోసెఫ్ మైస్టర్ అను బాలునకు టీకా వేసి కాపాడినది మొదలు, మనుష్యులకు మందు ఉన్నది. మన దేశమున చిరకాలము వాడుకలోనుండినది జంతువుల మెదడు కణజాలముతో చేసిన టీకా. బొడ్డు చుట్టు 14 సూదులన్న భయము ఆ కాలపుది. ఆ మందు 2004 చివరనుండి నిలిచిపోయినది. కుక్క కరచిన పిమ్మట మనిషి వెంటబడుటకంటె, కరవకముందే కుక్కకు టీకా వేయుట మేలను ఆలోచనను 1920 ప్రాంతమున జపానులో ఉమెనో, డోయి అను శాస్త్రజ్ఞులు ఆచరణలో పెట్టిరి. నేడు కుక్కల రేబిస్ టీకాను ప్రయోగశాలలో పెంచిన కణములయందు తయారుచేయుచున్నారు. 1982లో జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి స్థాపించిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ మన హైదరాబాదులోనిదే. కావున మంచి మందునకు మనకు కొరత లేదు.

కొరత ఎచ్చటనున్నదో తెలియుటకు పార్వో అను రక్తవిరేచనముల వ్యాధిని మొదట తీసికొందము. 1978లో గుర్తింపబడిన ఈ వైరస్ రెండు మూడేండ్లలోనే ప్రపంచమంతట వ్యాపించినది. “మూడు సూదులు వేయించినాము, అయినను పిల్ల దక్కలేదు” అని యజమానులు వాపోవుట మనము వినుచునే యున్నాము. ఇట్టి సందర్భములలో పెక్కింటికి మూలము ముర్రుపాలు. ఈనిన తల్లి మొదటి దినముననిచ్చు ముర్రుపాలతో, ఆమె రక్తములోని ప్రతిరక్షకములు పిల్లలకు చేరును. అవి పిల్లను వ్యాధినుండి కాపాడును. కాని టీకాలోని బలహీనపరచిన వైరస్‌ను కూడ శత్రువనియే ఎంచి నశింపజేయును. తల్లి తొడిగిన కవచమే టీకాను లోనికి రానీయదన్నమాట. ఈ ప్రతిరక్షకములు సుమారు 10 దినములకొకమారు సగమగుచు తరుగును. ఒక దశలో అవి వ్యాధిని ఆపుటకు చాలవు, టీకాను ఆపుటకు మాత్రము చాలును. ఆ కొద్ది వారములే పిల్లకు గండము.

తల్లి ఒంట ఎంత నిల్వ ఉన్నది, ఏ పిల్ల ఎంత త్రాగినది అను దానినిబట్టి ఈ గండము ఒక ఈతలోని పిల్లలకే వేరువేరు వారములలో వచ్చును. తోబుట్టువుల త్రోపులాటలో చన్ను అందని బక్కపిల్లకు ముందుగాను, కడుపునిండ త్రాగిన బొద్దుపిల్లకు ఆలస్యముగాను వచ్చును. బొద్దుపిల్లకే టీకా ఆలస్యముగా పట్టుట వింతగా తోచును గాని విషయమదియే. ఏ పిల్లకు ఎప్పుడో చూచి చెప్పుట సాధ్యము కాదు గనుక, 6 లేక 8 వారముల వయసున మొదలుపెట్టి, 2 నుండి 4 వారములకొకటి చొప్పున, 16 వారములు నిండువరకు సూదులు వేయవలెనని పశువైద్యులు నిర్ణయించిరి. 10వ వారమునకే మూడు సూదులు ముగించుకొనిన పిల్లకంటె, 16వ వారమున చివరి సూది పొందిన పిల్లకు భరోసా ఎక్కువ. 6 నెలలకో, ఏడాదికో మరియొకటి వేయుదురు. దానిని ‘బూస్టరు’ అనుటచే అది బలము పెంచు మందు మాత్రమే యని తలచి కొందరు మానుచున్నారు. బడిలో రెండవమారు హాజరు పిలిచినట్లు, అంతవరకు టీకా పట్టక తప్పిపోయిన పిల్లను పట్టుకొనుటకు కూడ అది అవసరము.

ఈ సూదులు ముగియునంతవరకు పిల్లను వీధికుక్కలు మలవిసర్జన చేయు తావులకు తీసికొనిపోరాదు. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి నిలిచియుండును. తెల్లవారుజామున విశ్వవిద్యాలయ ప్రాంగణమున నడచుటకు వచ్చువారు రెండు నెలల పిల్లను గొలుసుతో వెంటదెచ్చుట చూడ ముచ్చటగానే యుండును, కాని అది ఆ పిల్లకు చేయు మేలు కాదు.

ఇక మందు సంగతి. రేబిస్ టీకాలో ఉండునది చంపబడిన వైరస్. చచ్చినదానిని చూచి శరీరము అంతగా ఉలికిపడదు. ఉలికిపడునట్లు చేయుటకు తోడుగా మరియొక పదార్థమును కలుపుదురు. దీని కథ కొంత వినోదముగా నుండును. ఫ్రాన్సు దేశమున గాస్టన్ రామన్ అను పశువైద్యుడు గుఱ్ఱములకు డిఫ్తీరియా టీకా వేయుచు, సూది వేసినచోట వాపు వచ్చిన గుఱ్ఱముల రక్తమున ప్రతిరక్షకములు అధికముగా నుండుట గమనించెను. 1925 ప్రాంతమున ఆయన కావలెననియే మందులో సగ్గుబియ్యపు పిండి, రొట్టెపొడి వంటివి కలిపి చూడగా ఫలితము హెచ్చినది. 1926లో ఇంగ్లండులో గ్లెన్నీ అను శాస్త్రజ్ఞుడు మన ఇండ్లలోని పటికను వాడి అంతకంటె మేలైన ఫలితము సాధించెను. నేటి కుక్కల రేబిస్ టీకాలలో సాధారణముగా నుండు అల్యూమినియం లవణములు ఆ పటిక సంతతివే.

ఈ సంగతి ఇంటివారికెందుకనగా, ఆ లవణము గడ్డకట్టిన చెడిపోవును. మందును ఫ్రిజ్‌లో 2 నుండి 8 డిగ్రీల నడుమ ఉంచవలెను. ‘చల్లగా నుండిన అంత మంచిది’ అని మంచుగడ్డలు పేరుకొను పై అరలో పెట్టినచో, కరగిన పిమ్మట చూచుటకు మామూలుగానే కనిపించినను అది పూర్వపు మందు కాదు. వేడిమి వలన నష్టమింకొకటి. మే నెలలో మందుల దుకాణమున సీసా కొని, కాగితపు సంచిలో చుట్టి, ఎండలో పశువైద్యశాలకు నడచిపోవువారు ఎందరో కలరు. పార్వో, డిస్టెంపర్ టీకాలలోనిది ప్రాణమున్న వైరస్ గనుక అది ఎండను అసలే ఓర్వదు. మంచుముక్కలున్న ఫ్లాస్కులో, మంచు సీసాకు తగులకుండ గుడ్డ చుట్టి తీసికొనిపోవుట ఉత్తమము. పొడిమందును నీటిమందుతో కలిపిన పిదప నిలువయుంచక వెంటనే వేయించవలెను. చిన్నకుక్క యని సగము మందు వేయించుట కూడ పొరపాటే. జ్వరపు మాత్రవలె టీకా మోతాదు శరీరపు బరువును బట్టి మారదు.

చలువ విషయమున ఒక ఆశాజనకమైన వార్త కలదు. టాంజానియాలో జరిపిన పరిశోధనలో, ఒక రకపు రేబిస్ టీకాను 25 డిగ్రీలలో 6 నెలలు, 30 డిగ్రీలలో 3 నెలలు ఉంచి కుక్కలకు వేసినను, ఫ్రిజ్‌లోని మందుతో సమానముగా పనిచేసినదని 2016లో ప్రకటించిరి. కరెంటు లేని పల్లెలలో నీటియావిరిచే చల్లబడు మట్టికుండలలో దానిని దాచుటను కూడ అచ్చట పరీక్షించిరి. ఇది పరీక్షింపబడిన ఆ మందునకే వర్తించును. మన చేతిలోని సీసాకు అన్వయించుకొని ఫ్రిజ్ మానివేయరాదు.

రేబిస్ టీకాను పెంపుడు పిల్లకు 3 నెలలు నిండగనే వేయించి, ఏడాదికి మరల వేయించవలెను. పిమ్మట పశువైద్యుని సలహా ననుసరింపవలెను. మొదటి సూది పడిన మరునాడే రక్షణ కలుగదు, అందుకు దాదాపు 4 వారములు పట్టునని ఎంచవలెను. పెంపుడు కుక్కకు ముందుగా నట్టల మందు త్రాగించి, జ్వరము లేనప్పుడు సూది వేయించుట వాడుక. వీధికుక్క విషయమున ఈ నియమమును పట్టుకొని కూర్చుండరాదని మా అభిప్రాయము. అది మరల చేతికి చిక్కునో లేదో! దక్షిణాఫ్రికా, ఇండోనేషియాలలో జరిపిన పరిశీలనలలో బక్కచిక్కిన వీధికుక్కలు సైతము రేబిస్ టీకాకు చక్కగా స్పందించినవి. 3 నెలలు నిండని వీధిపిల్లలను కూడ వదలక టీకా వేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

ఇంటికుక్కయే కరచినను, దానికి టీకా పడినదను ధైర్యముతో ఊరకుండరాదు. గాయమును సబ్బుతో, ధారగా పడు నీటిలో 15 నిమిషములు కడిగి, పసుపు, కారము, సున్నము వంటివేవియు పూయక, వెంటనే వైద్యుని వద్దకు పోవలెను. కుక్కను 10 దినములు కనిపెట్టియుండవలెను. అంతవరకు చికిత్స ఆరంభింపక వేచియుండుట ప్రమాదము.

ఒక్క కుక్కకు టీకా పట్టినంత మాత్రమున వాడ సురక్షితము కాదు. వాడలోని కుక్కలలో నూటికి 70కి టీకా పడినచో రేబిస్ వ్యాపింపజాలదని శాస్త్రజ్ఞుల లెక్క. ఆ 70ని నిలుపుకొనుట కష్టము. ఒక పేటలో 100 కుక్కలుండగా 70కి టీకా వేసితిమనుకొందము. ఏడాదిలో 30 చచ్చి, 30 కొత్తవి పుట్టినచో, టీకా పడినవి సుమారు 49 మాత్రమే మిగులును. కావుననే ఏటేటా వేయవలెను. గోవా రాష్ట్రమున 2013 నుండి వలలతో కుక్కలను పట్టి, టీకా వేసి, పడినదానికి రంగుగుర్తు పెట్టి, వాడవాడను ఫోనులోని పటముపై నమోదు చేయుచు వచ్చిరి. 2019 నాటికి ఏటా లక్షకు చేరువగా కుక్కలకు టీకాలు పడినవి. నెలనెలా కనబడు కుక్కల రేబిస్ కేసులు నూటికి 92 వంతులు తగ్గినవి. 2021లో గోవాను రేబిస్ అదుపులోనున్న ప్రాంతముగా ప్రకటించిరి.

మన ఉస్మానియా ప్రాంగణమునకు గోడలున్నను కుక్కలకు గోడలు లేవు. వసతిగృహముల వంటశాలల వెనుక తిని, రాత్రికి తార్నాక వైపునకో, మరియొక పేటకో పోవు కుక్క ఏ లెక్కలోను చేరక తప్పిపోవును. ఇచ్చట మాత్రము మనకొక సౌకర్యమున్నది. ప్రతి వసతిగృహము వద్దను కుక్కలకు అన్నము పెట్టు విద్యార్థులు కొందరుందురు. ఏది పిలిచిన వచ్చునో, ఏది ఈ నెలలో ఈనినదో, ఏది కొత్తగా చేరినదో వారికి తెలియును. వలకు బెదరి పారిపోవు కుక్క, అన్నము పెట్టిన చేతి ముందు నిలుచును. టీకా వేయు బృందము వచ్చు దినమును వారికి ముందుగా తెలిపి, ఉదయము అన్నము పెట్టు వేళకే రప్పించినచో సగము పట్టుబడి తగ్గును. టీకా పడిన కుక్కకు రంగుగుర్తు పెట్టి, తేదీని, మందు సీసాపైనున్న బ్యాచి సంఖ్యను ఒక నోటుపుస్తకమున వ్రాసియుంచిన, మరుసటి ఏడు వచ్చువారు ఏ కుక్కతో మొదలిడవలెనో ఎవ్వరిని అడుగనక్కరలేదు.