మనస్సు, అలవాటు, అంగడి

సాయంకాలం ఆరున్నర గంటలకు నాచారంలోని వైద్యశాల మూసి, ఉప్పల్‌లోని ఇంటికి చేరడం ముప్పై ఏళ్లుగా నా నిత్యకృత్యం. ఆ దారిలో ఉప్పల్ కూడలికి సమీపంలో ఒక మిరపకాయ బజ్జీల బండి నిలుస్తుంది. పని తృప్తిగా ముగిసిన రోజున ఆ బండి ఉన్నదో లేదో కూడా నేను గమనించను. రోగులు తక్కువగా వచ్చిన రోజున, లేదా ఎవరితోనైనా మాటపట్టింపు కలిగిన రోజున, కాగుతున్న నూనె వాసన అల్లంత దూరం నుంచే నన్ను చేయి పట్టి లాగుతుంది. పదిమందికి పథ్యం చెప్పే నేను ఆ బండి ముందు కాగితం పొట్లంతో నిలబడి, తెలిసినవారెవరైనా వస్తున్నారేమోనని అటూ ఇటూ చూసిన సందర్భాలు ఉన్నాయి. పాఠక మహాశయులు మన్నింతురు గాక.

అయితే ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ బజ్జీలు కావు. నా వద్దకు వచ్చే ఒక ఇల్లాలికి జరిగిన కష్టం, అందులో నా వంతు దోషం. ఆ సంగతి చెప్పే ముందు శాస్త్రవిషయం కొంత మనవి చేయాలి.

చరక సంహిత సూత్రస్థానం 11వ అధ్యాయంలో రోగాలకు మూడు మూలకారణాలు చెప్పబడ్డాయి. ఇంద్రియాలకు వాటి విషయాలతో సరిపడని కలయిక మొదటిది. దీనిని అసాత్మ్యేంద్రియార్థ సంయోగం అంటారు. బుద్ధి, ధైర్యం, స్మృతి తప్పి చేసే పని, అనగా ప్రజ్ఞాపరాధం, రెండవది. కాలం తెచ్చే మార్పు మూడవది. చూపు, శబ్దం, వాసన, రుచి, స్పర్శ అతిగా అందినా, బొత్తిగా అందకపోయినా, వికృతంగా అందినా దేహానికీ మనస్సుకూ కూడా చెరుపే. నా వద్దకు వచ్చేవారిలో చాలామంది ఈ మొదటి కారణాన్ని తలవనైనా తలవక, అన్నిటినీ రెండవదాని ఖాతాలో వ్రాసుకుంటారు. "నాకు నిగ్రహం లేదండీ" అని తలవంచుకుంటారు. నిగ్రహం సంగతి తరువాత చూద్దాం, అమ్మా, ఆ సమయంలో మీ కంటి ముందు ఏమున్నది, చెవిలో ఏమి పడుతున్నది, ముందటి రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు అని అడుగుతాను. సగం రోగనిదానం అక్కడే తేలుతుంది.

మా ప్రాంతాన్నే ఉదాహరణగా తీసుకోండి. నేను వైద్యం మొదలుపెట్టిన రోజులలో నాచారం పారిశ్రామికవాడలో కర్మాగారాల కూతలను బట్టి జనం భోజనవేళలు నడిచేవి. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చింది. 2023లో ఉప్పల్ కూడలిలో స్కైవాక్ వెలసింది. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు వంతెన పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. ఆ దుమ్ములో, ఆ హారన్ల మోతలో గంటసేపు ఇరుక్కుని ఇంటికి చేరిన మనిషి భార్య మీదనో పిల్లల మీదనో విసుక్కుంటే అది అతని స్వభావమని ఇంటివారు అనుకుంటారు. స్వభావం కాదు, చెవికి కలిగిన అతియోగం. స్టేడియంలో క్రికెట్ ఉన్న రోజున మా వీధిలో రక్తపోటు పరీక్షించడమే దండుగ అని నేను హాస్యమాడుతుంటాను.

ఇక రాత్రి పనివేళల సంగతి. ఉప్పల్‌లోని కార్యాలయాలలో తెల్లవారుదాకా పనిచేసే యువకులు చాలామంది నా వద్దకు అజీర్ణంతో వస్తారు. పగలంతా తీపి మీద, ఉప్పు మీద, వేపుడు మీద మనస్సు పోతున్నదని చెబుతారు. 2004లో షికాగో విశ్వవిద్యాలయం వారు పన్నెండు మంది ఆరోగ్యవంతులైన యువకుల నిద్రను రెండు రాత్రులు తగ్గించి చూశారు. ఆకలిని పెంచే ఘ్రెలిన్ అధికమైంది, తృప్తినిచ్చే లెప్టిన్ తగ్గింది. వారి కోరిక ముఖ్యంగా తీపి, ఉప్పు, పిండి పదార్థాల వైపు తిరిగింది. ఇది చిన్న ప్రయోగమే అయినా, నేను నిత్యం చూసే దానికి సరిగ్గా సరిపోయింది. ఆ యువకునికి జిహ్వచాపల్యం మాన్పించే ముందు నిద్ర కుదర్చాలి.

అంగళ్ల వారికి ఇవన్నీ మనకంటె బాగా తెలుసు. పాలు, పప్పులు లోపలి మూల ఉంటాయి. డబ్బు చెల్లించే చోట, పసిపిల్లల కంటికి ఎదురుగా, చాక్లెట్లు ఉంటాయి. 1997లో ఇంగ్లండులో లెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక అంగడిలో ద్రాక్షసారాయి అమ్మే వరుసలో ఒక రోజు ఫ్రెంచి సంగీతం, మరొక రోజు జర్మను సంగీతం వినిపించారు. ఫ్రెంచి సంగీతం మోగిన రోజున ఫ్రెంచి సీసాలు, జర్మను సంగీతం మోగిన రోజున జర్మను సీసాలు ఎక్కువగా అమ్ముడుపోయాయి. కొన్నవారిని అడిగితే, సంగీతం వల్ల కొన్నామని ఒప్పుకున్నవారు బహు కొద్దిమంది. తక్కినవారు తమ ఇష్టం చొప్పుననే కొన్నామన్నారు. వారు అబద్ధమాడలేదు. వారికి నిజంగానే తెలియదు.

గోదావరి తీరంలోని ఒక పల్లెలో గురువుగారి ఇంట చదువుకునే రోజులలో, మూలికల అంగడికి పంపే ముందు ఆయన మాచేత తప్పక చద్దన్నం తినిపించేవారు. ఆకలితో ఉన్నవాడు పురుగు పట్టిన శొంఠిని కూడా మంచిదే అంటాడని వారి మాట. అంగడి నుంచి తెచ్చిన ప్రతి కొమ్మునూ మా ఎదుటనే విరిచి చూసేవారు. ఆ పాఠం నాకు వంటబట్టిందనే అనుకున్నాను.

నేను చెప్పదలచిన ఇల్లాలు నాచారంలోనే ఉంటారు. వయస్సు ఏబది దాటింది. మధుమేహానికి ఆసుపత్రి వారి మాత్రలు వాడుతూ, మోకాళ్ల నొప్పులకు నా వద్ద తైలం తీసుకుంటారు. కొన్నేళ్ల క్రితం ఒక శ్రావణమాసంలో ఆమె వ్రతానికి ఉపవాసం ఉండి, పూజ ముగిశాక బంధువులతో ఉప్పల్‌లో జరిగే ఒక వస్తుప్రదర్శనకు వెళ్లారు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. కాళ్లు పీకుతున్నాయి. ఒక దుకాణం ముందు కుర్చీలు వేసి ఉన్నాయి, పంకా తిరుగుతున్నది, చందనపు అగరువత్తి వెలుగుతున్నది, సన్నగా వీణ వినబడుతున్నది. కూర్చున్నారు. ఆకుపచ్చ డబ్బా ఒకటి చేతికిచ్చారు. దాని మీద తెల్లగడ్డం గల వృద్ధుని బొమ్మ, "సహజం" అన్న మాట. ఒకటి కొంటే ఒకటి ఉచితం, అదీ ఆ రాత్రి తొమ్మిది గంటల వరకే. చక్కెర వ్యాధికి ఇక మాత్రల అవసరం ఉండదని అమ్మేవాడు నోటితో చెప్పాడు. డబ్బా మీద ఆ మాట లేదు. ఉండదు కూడా. 1954 నాటి ఔషధాల, అద్భుత చికిత్సల చట్టం ప్రకారం మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటించడం నేరం. అందువల్ల బొమ్మ చేసే పని బొమ్మ చేస్తుంది, నోరు చేసే పని నోరు చేస్తుంది.

ఆమె మాత్రలు మానేశారు. మూడు వారాలు గడిచాక, ఎడమకాలి చిటికెన వేలికి చెప్పు ఒరిసి పుండైంది. తిమ్మిరి వల్ల నొప్పి తెలియలేదు. ఆమె కుమారుడు ఆసుపత్రిలో చేర్పించేనాటికి రక్తంలో చక్కెర 400 దాటింది. ప్రాణం దక్కింది గాని ఆ వేలు తీసివేయవలసి వచ్చింది.

నేను చూడబోయినప్పుడు కొంత కటువుగానే అడిగాను: "అమ్మా, చదువుకున్నవారు, మాత్రలు ఎట్లా మానేశారు? నన్ను ఒక్కమాట అడగకూడదా?"

ఆమె నా ముఖంలోకి చూసి, "గా డబ్బా మీద బొమ్మ అచ్చం మీ లెక్కనే ఉండె గద సార్" అన్నారు. "మన మూలికలు ఎవ్వరికీ చెడు చెయ్యయని మీరే అంటిరి గద ఒకపాలి."

అన్నాను. తైలం సీసా చేతికిస్తూ యథాలాపంగా అన్న మాట అది. నాభిని గూర్చి, భల్లాతకాన్ని గూర్చి, శుద్ధి చేయక వాడితే కలిగే ప్రమాదాన్ని గూర్చి గురుముఖతః నేర్చుకున్నవాడిని, అటువంటి మాట ఎట్లా అన్నాను? రోగి సంతోషిస్తాడని అన్నాను. అంగడివాడు చేసే పని నేనూ చేశాను.

ఆ రాత్రి నా వైద్యశాలను కొత్తవాని కంటితో చూసుకున్నాను. ధన్వంతరి పటం, ఇత్తడి గిన్నెలు, మహానారాయణ తైలపు వాసన, నా గడ్డం. లోపల అడుగుపెట్టగానే సగం నొప్పి తగ్గిందని పలువురు అంటుంటే ఇన్నాళ్లూ గర్వపడ్డాను. ఆ తగ్గిన సగం ఔషధం వల్ల కాదు గదా! గడ్డం తీసివేయమని మా ఇంటావిడ సలహా ఇచ్చింది. అంత దూరం పోలేదు గాని, నాటి నుంచి ప్రతి చీటీ మీద "ఆసుపత్రి మాత్రలు వారిని అడగకుండా ఆపరాదు" అని స్వహస్తంతో వ్రాస్తున్నాను. ఇంట్లో ఉన్న డబ్బాలు, చూర్ణాలు, బలవర్ధక పానీయాలు అన్నీ సంచిలో వేసి తీసుకురమ్మని అడుగుతున్నాను.

ఆ సంచులలో పిల్లల పానీయాలే ఎక్కువ. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ, ఇటువంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్' అనే శీర్షిక కింద చూపరాదని ఆన్‌లైన్ అంగళ్లకు సూచించింది. మన ఆహార భద్రతా చట్టంలో ఆ పేరుకు నిర్వచనమే లేదు. ఆ మరుసటి నెలలో మా పొరుగున తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వెలువరించిన ఆహార మార్గదర్శకాలు 17. వాటిలో డబ్బా మీది వివరాలు చదవడం కూడా ఒకటి. పెద్ద అక్షరాలు వదలి, వెనుకవైపు చిన్న అక్షరాలలో చక్కెర ఎన్ని గ్రాములో చూడమని తల్లులకు చెబుతున్నాను. రోజు మొత్తం మీద విడిగా కలిపే చక్కెర 25 గ్రాములు మించరాదని ఆ సంస్థ మాట. అంటే సుమారు అయిదు చిన్న చెంచాలు.

ఇక ఇంటివద్ద ఏమి చేయాలి? కోరికను తిట్టి లాభం లేదు. అది లేచే వేళను, లేచే చోటును ముందుగా సర్దుకోవాలి. సాయంత్రం అంగడికి వెళ్లే ముందు గుప్పెడు వేయించిన శనగలో, జొన్న పేలాలో తిని, జీలకర్ర పొడి వేసిన పలుచని మజ్జిగ ఒక గ్లాసు తాగండి. నా బజ్జీల బండిని నేను జయించినది ఈ మజ్జిగతోనే, అదీ వారానికి అయిదు రోజులే.

టీ, కాఫీల విషయంలో ఒక్కసారిగా మానడం తలనొప్పికి, చిరాకుకు దారితీస్తుంది. చరకుడు సూత్రస్థానం 7వ అధ్యాయంలో చెడు అలవాటును పాదం చొప్పున, అనగా నాల్గవ వంతు చొప్పున, వదలమన్నాడు. మొదట ఒక పాదం, తరువాత సగం, పిమ్మట ముప్పాతిక. ఒక్కొక్క మెట్టుకు నడుమ వ్యవధిని పెంచుకుంటూ పోవాలి. విడిచిన పాదం స్థానంలో హితమైనది చేర్చాలి. రోజుకు నాలుగు కప్పులు తాగేవారు ముందుగా సాయంత్రపు కప్పును మానాలి. ఎందుకంటే ఆరు గంటలకు తాగిన కాఫీలోని కెఫీన్ సగం వరకు రాత్రి పదకొండు గంటలకు కూడా చాలామంది దేహంలో నిలిచి ఉంటుంది. దాని బదులు ధనియాలు ఒక చెంచా, జీలకర్ర అర చెంచా, చిన్న శొంఠి ముక్క దంచి, గ్లాసున్నర నీటిలో ఒక గ్లాసు మిగిలేలా కాచి, వడగట్టి తాగండి. ఈ పాదక్రమం అలవాట్లకే గాని వైద్యులు ఇచ్చిన మాత్రలకు వర్తించదని మరొకసారి మనవి.

నిద్రకు ముందు అరికాళ్లకు గోరువెచ్చని నువ్వులనూనె అయిదు నిమిషాలు మర్దన చేయించుకోవడం ఎంతో హితం. ఫోను మరొక గదిలో ఉంటే మరీ మంచిది. మధుమేహులు మాత్రం నూనె వేడిని ఇంకొకరి చేత పరీక్షింపజేసుకోవాలి. వేళ్ల సందులలో తడి నిలువనీయరాదు. పుండు ఉంటే మర్దన వద్దు.

అదే 7వ అధ్యాయంలో ఆకలి, దప్పిక, నిద్ర మొదలైన 13 వేగాలను ఆపరాదని, లోభం, ఈర్ష్య, క్రోధం వంటి వేగాలను ఆపి తీరాలని ఉన్నది. మనం తరచు తలక్రిందులుగా చేస్తాం. ఆకలిని, నిద్రను ఆపుకుని, లోభాన్ని వదిలిపెడతాం. "ఈ రాత్రి వరకే" అన్న మాట వినబడితే ఆ వస్తువు పేరు కాగితం మీద వ్రాసి ఇంటికి రండి. మర్నాడు ఉదయం స్నానపానాదులు, ఫలహారం ముగిశాక ఆ కాగితాన్ని చూడండి. అప్పటికీ కావాలనిపిస్తే కొనండి.

మొన్న ఆ ఇల్లాలు మోకాళ్ల తైలం కోసం వచ్చారు. చక్కెర అదుపులోనే ఉన్నది. వస్తూ వస్తూ సంచిలోంచి కొత్త డబ్బా ఒకటి తీసి నా బల్ల మీద పెట్టారు. మరదలు ఇచ్చిందట. "కొనలే సార్, మీకు చూపెడదామని తెచ్చిన" అన్నారు. దాని మీద కూడా ఒక గడ్డం. ఇద్దరం కళ్లద్దాలు పెట్టుకుని వెనుకవైపు చిన్న అక్షరాలు చదవడానికి కూర్చున్నాం.