మీకు తెలుసా? గుట్టకూ తారురోడ్డుకూ ఒకే టైరు

ఎల్బీనగర్ దాటి సాగర్ రోడ్డు పట్టి, ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్తే రాచకొండ గుట్టలు వస్తాయి. రేచర్ల పద్మనాయకుల కోట ఉన్న రాళ్ల సీమ అది. కానీ దిల్‌సుఖ్‌నగర్ నుంచి బైకు మీద బయల్దేరితే దారిలో ఎక్కువ భాగం తారే! టైరు కొనేటప్పుడు ఈ లెక్కే ముఖ్యం.

టైరు మీది గుబ్బల మధ్య ఎడం పెరిగితే మట్టిలో పట్టు పెరుగుతుంది. తారు మీద మాత్రం నేలను తాకే రబ్బరు తగ్గిపోతుంది. వానకు తడిసిన రోడ్డుపై బ్రేకు వేస్తే బండి ఆలస్యంగా ఆగుతుంది. కాబట్టి సిటీలో తిరిగేవారికి దగ్గర దగ్గర గుబ్బలుండి, మట్టికీ తారుకూ పనికొచ్చే డ్యూయల్ పర్పస్ టైరే మేలు.

టైరు పక్కభాగంపై ‘నాట్ ఫర్ హైవే సర్వీస్’ అని ఉంటే అది రోడ్డుకు కాదు, ఎంత అందంగా ఉన్నా వద్దు. ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది: 2324 అంటే 2024లో 23వ వారం. ఏళ్ల తరబడి నిల్వ ఉన్న రబ్బరు గట్టిపడుతుంది, గుబ్బలు కొత్తగా కనిపించినా సరే.

గుట్టదారిలో పట్టు కోసం గాలి కాస్త తగ్గించేవారు తిరిగి తారెక్కేముందు నింపుకోవాలి. సంచిలో చిన్న పంపు ఉంచుకోండి.