తిథి చూసుకుని సముద్రానికి వెళదాం!

బే ఏరియాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు పసిఫిక్ మహాసముద్రం గంట, గంటన్నర ప్రయాణంలోనే ఉంది. ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడు గోల్డెన్ గేట్ బ్రిడ్జి, మాంటెరేలో పదిహేడు మైళ్ల డ్రైవ్, ఒక పిక్నిక్ అయిపోతే సముద్రం చూడటం పూర్తయినట్టే అనుకుంటాం. కానీ ఈ తీరంలో రోజుకు కొద్ది గంటలు మాత్రమే కనిపించి, మళ్లీ నీళ్ల కింద మాయమైపోయే లోకం ఒకటుంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల గుంటల్లో నీళ్లు నిలిచిపోయి చిన్న చిన్న మడుగులు ఏర్పడతాయి. వాటినే టైడ్ పూల్స్ అంటారు. ఒక్కొక్క మడుగులో ఒక ఊరంత సందడి ఉంటుంది.

మా బడి కుటుంబాలం కొన్నేళ్లుగా కలిసి ఈ మడుగులు చూడటానికి వెళుతున్నాం. కొత్తగా చేరినవారు ప్రతి ఏడూ అడిగే ప్రశ్నలు మూడు: ఎప్పుడు వెళ్లాలి? ఎక్కడికి వెళ్లాలి? అక్కడ ఎలా మసలుకోవాలి? వాటికి జవాబులే ఈ వ్యాసం.

ఆటు, పోటు, అమావాస్య

పిల్లలూ! సముద్రపు నీరు ఒడ్డు మీదకు ఎక్కడాన్ని తెలుగులో పోటు అంటారు. తిరిగి దిగిపోవడాన్ని ఆటు అంటారు. రెండూ కలిపితే ఆటుపోట్లు. జీవితంలో మంచీ చెడూ వస్తూ పోతూ ఉంటాయని చెప్పడానికి కూడా పెద్దవాళ్లు ఈ మాటే వాడతారు.

దీనికంతటికీ ముఖ్య కారణం చందమామ. చంద్రుడి ఆకర్షణ వల్ల భూమికి ఆ వైపున ఉన్న నీరు కాస్త ఉబ్బుతుంది. చంద్రుడికి దూరంగా ఉన్న అవతలి వైపు ఆకర్షణ తక్కువ కాబట్టి అక్కడి నీరు వెనకబడి అదీ ఉబ్బుతుంది. భూమి తిరుగుతూ ఈ రెండు ఉబ్బుల కిందుగా పోతుంది కనుక మన తీరానికి రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. ఈలోగా చంద్రుడు కూడా కొంత ముందుకు జరుగుతాడు. అందుకే ఈ చక్రం పూర్తి కావడానికి 24 గంటల 50 నిమిషాలు పడుతుంది. ఇవాళ్టి ఆటు కంటే రేపటి ఆటు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా రావడానికి కారణం ఇదే.

సూర్యుడు కూడా నీటిని లాగుతాడు కానీ, దూరం ఎక్కువ కాబట్టి ఆయన బలం చంద్రుడి బలంలో సగానికి కాస్త తక్కువ. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలోకి వస్తారు. అప్పుడు ఇద్దరి బలాలూ కలిసి పోటు బాగా ఎత్తుకు వస్తుంది, ఆటు బాగా కిందికి దిగుతుంది. అష్టమి ప్రాంతంలో ఇద్దరూ చెరో దిక్కుకు లాగుతారు. అప్పుడు నీరు పెద్దగా పెరగదు, పెద్దగా తగ్గదు.

అష్టమి నవముల్లో ప్రయాణం పెట్టుకోవద్దని మన నాయనమ్మలు చెబుతారు కదా! టైడ్ పూల్స్ ప్రయాణానికి మాత్రం ఆ మాట అక్షరాలా వర్తిస్తుంది. వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండరు తీసి, అమావాస్య గానీ పౌర్ణమి గానీ శని, ఆదివారాలకు దగ్గరగా ఎప్పుడు వచ్చిందో పిల్లల చేత వెతికించండి. ఆ రోజూ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ మంచివి. తిథి చూడటం తెలిసిన తాతయ్యో అమ్మమ్మో ఇంట్లో ఉంటే ఈ పని వాళ్లకే అప్పజెప్పండి.

పొద్దున్నా, సాయంత్రమా?

తిథి రోజు మాత్రమే చెబుతుంది, గంట చెప్పదు. విశాఖపట్నంలో రోజులో వచ్చే రెండు ఆట్లూ దాదాపు సమానంగా ఉంటాయి. కాలిఫోర్నియాలో అలా కాదు, ఒకటి బాగా దిగితే రెండోది కొంచెమే దిగుతుంది. మనకు కావలసింది బాగా దిగేది. అది వేసవిలో తెల్లవారుజామున వస్తుంది, చలికాలంలో మధ్యాహ్నం నుంచి సాయంత్రం లోపు వస్తుంది. గురు పౌర్ణమి నాటికి వెళ్లాలంటే చీకటితోనే లేచి బయలుదేరాలి. కార్తీక పౌర్ణమికైతే భోజనం చేసి తీరిగ్గా బయలుదేరవచ్చు. అయితే చలికాలంలో అలలు పెద్దవి కాబట్టి జాగ్రత్త కూడా ఎక్కువ కావాలి.

కచ్చితమైన సమయాల పట్టికలను అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా ఉచితంగా ఇస్తుంది. గోల్డెన్ గేట్ దగ్గర 1854 నుంచి ఎడతెగకుండా నీటిమట్టాన్ని కొలుస్తున్నారు. పట్టికలో మీరు వెళ్లే చోటికి దగ్గరగా ఉన్న కేంద్రాన్ని ఎంచుకోండి. అందులో సున్నా అంటే రోజూ ఎక్కువగా దిగే ఆటుకు చాలా ఏళ్ల సగటు. మైనస్ గుర్తు ఉంటే నీరు ఆ సగటు కంటే కిందికి పోతుందన్నమాట. ఒక అడుగు కంటే తక్కువ ఉంటే వెళ్లవచ్చు, మైనస్ ఉంటే మరీ మంచిది. పట్టికలో ఉన్న సమయానికి గంట ముందే చేరుకోండి. నీరు తిరుగుముఖం పట్టగానే మనమూ తిరుగుముఖం పట్టాలి.

ఎక్కడికి వెళ్లాలి?

మాస్ బీచ్‌లోని ఫిట్జెరాల్డ్ మెరైన్ రిజర్వ్: మొదటిసారి వెళ్లేవారికి ఇదే మా సలహా. హాఫ్ మూన్ బేకి ఉత్తరాన ఉంది. శాన్ మాటెయో కౌంటీ నడిపే పార్కు. 1969లో దీన్ని రక్షిత ప్రాంతం చేశారు. ఆటు సమయంలో నల్లటి రాతి పరుపులు వంపు తిరిగి బయటపడతాయి. ఒడ్డున హార్బర్ సీల్స్ పడుకుని ఉంటాయి. వాటికి 300 అడుగుల దూరంలో ఉండాలి. పైన గుట్ట మీద సైప్రస్ చెట్ల మధ్య చక్కని కాలిబాట ఉంది. పార్కింగ్ లాట్ చిన్నది, కుక్కలను రానివ్వరు. పెద్ద బృందంగా వెళ్లేవారు కౌంటీ దగ్గర ముందుగా రిజర్వేషన్ చేసుకోవాలి.

రాళ్ల మీద నడవలేని పెద్దవాళ్లు వెంట ఉంటే, అక్కడికి కాస్త ఉత్తరాన డెవిల్స్ స్లైడ్ ట్రైల్ ఉంది. 2013లో కొండ కింద సొరంగాలు తెరిచాక పాత హైవేని 2014లో నడకదారిగా మార్చారు. పొడవు 1.3 మైళ్లు. కొంచెం ఎత్తుపల్లాలున్నా తారు రోడ్డు కాబట్టి స్ట్రోలర్ కూడా పోతుంది.

పెస్కడేరో దగ్గరి బీన్ హాలో: గోల్ఫ్ ఆటకు పేరుపడ్డ పెబుల్ బీచ్ వేరు, ఇక్కడి పెబుల్ బీచ్ వేరు. ఇక్కడ నున్నటి రంగురంగుల గులకరాళ్లుంటాయి. తేనెపట్టులా గుంటలు పడిన ఇసుకరాయి కూడా చూడదగ్గది. ఈ బీచ్ నుంచి బీన్ హాలో దాకా సుమారు మైలు దూరం సముద్రం పక్కనే నడవవచ్చు. గులకరాళ్లు ఏరుకోవడం మాత్రం నిషిద్ధం.

పాయింట్ లోబోస్: కార్మెల్‌కి మూడు మైళ్ల దక్షిణాన ఉంది. 1933 నుంచి స్టేట్ పార్కు. మాంటెరే సైప్రస్ చెట్లు సహజంగా పెరిగే తోపులు ప్రపంచంలో రెండే మిగిలాయి. అందులో ఒకటి ఇక్కడుంది. సైప్రస్ గ్రోవ్ ట్రైల్, బర్డ్ ఐలాండ్ ట్రైల్ రెండూ పిల్లలు నడవగలిగినవే. వెస్టన్ బీచ్‌లో మడుగులు చూడవచ్చు. వీకెండ్‌లో పార్కింగ్ త్వరగా నిండిపోతుంది కాబట్టి పొద్దున్నే వెళ్లండి. బాట పక్కన మూడేసి ఆకులతో పాయిజన్ ఓక్ పెరుగుతుంది. మారేడు దళానికీ మూడు ఆకులే కదా అని కోసుకునేరు, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి!

రాతి మీద నాలుగంతస్తుల మేడ

ఒడ్డు నుంచి నీటి వైపు నడుస్తుంటే మేడ దిగుతున్నట్టే ఉంటుంది. అలల తుంపర మాత్రమే తగిలే పై అంతస్తులో చిన్న నత్తలు, రాతిని కరుచుకున్న లింపెట్లు ఉంటాయి. ఆ కింది అంతస్తులో తెల్లటి బార్నకిల్స్. ఇవి రాయిలాగే కనిపిస్తాయి కానీ పీతలకు, రొయ్యలకు చుట్టాలు. నీరు రాగానే తలుపు తీసి, ఈకల్లాంటి కాళ్లతో ఆహారం పట్టుకుంటాయి.

మూడో అంతస్తులో నల్లటి మస్సెల్స్ గుత్తులు గుత్తులుగా ఉంటాయి. పక్కనే ఎనిమోన్లు ఉంటాయి. నీటిలో ఉన్నప్పుడు విచ్చుకున్న పువ్వులా ఉంటాయి గానీ అవి జంతువులే. నీరు తగ్గితే ముడుచుకుని, ఒంటికి గుల్లల ముక్కలు అంటించుకుని మట్టిముద్దల్లా కనిపిస్తాయి. తెలియక వాటి మీద అడుగేస్తాం. ఖాళీ నత్తగుల్లలో కాపురముండే హెర్మిట్ పీతలూ ఇక్కడే తిరుగుతుంటాయి. అన్నిటికంటే కింది అంతస్తు, మైనస్ ఆటులో మాత్రమే తెరుచుకునేది, అందరికంటే అందమైనది. ముళ్లబంతుల్లాంటి ఊదారంగు అర్చిన్లు, అరచేయంత ఆకుపచ్చ ఎనిమోన్లు అక్కడుంటాయి.

ఒక్క నక్షత్రం పోతే

మధ్య, కింది అంతస్తుల్లో ఊదా, నారింజ రంగుల్లో సముద్ర నక్షత్రాలు కనిపిస్తాయి. 1960 దశకంలో రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త వాషింగ్టన్ రాష్ట్రపు తీరంలో ఒక ప్రయోగం చేశారు. ఒక రాతి భాగం మీది నక్షత్రాలన్నిటినీ పదేపదే తీసి దూరంగా విసిరేశారు. పక్క భాగాన్ని ముట్టుకోలేదు. నక్షత్రాలు తినకపోవడంతో మస్సెల్స్ రాతినంతా ఆక్రమించాయి. 15 జాతులున్న చోట 8 మాత్రమే మిగిలాయి. ఇలాంటి జీవికి 1969లో ఆయన కీస్టోన్ జాతి అని పేరు పెట్టారు. కమాను నడినెత్తిన ఉండే రాయి పేరు అది. దాన్ని తీసేస్తే కమానే కూలుతుంది.

ప్రయోగంలో చూసింది 2013 నుంచి మన తీరంలో నిజంగానే జరిగింది. ఏదో వ్యాధి సోకి అలాస్కా నుంచి మెక్సికో దాకా సముద్ర నక్షత్రాలు కరిగిపోయినట్టు చనిపోయాయి. దానికి ఒక బ్యాక్టీరియా కారణమని 2025 ఆగస్టులో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఇరవైకి పైగా చేతులుండే పెద్ద సన్‌ఫ్లవర్ నక్షత్రం కాలిఫోర్నియాలో దాదాపు కనుమరుగైంది. అది తినే ఊదా అర్చిన్లు విపరీతంగా పెరిగాయి. సముద్రం కూడా వేడెక్కడంతో ఉత్తర కాలిఫోర్నియాలో కెల్ప్ అడవులు చాలావరకు నాశనమయ్యాయి. ఒక్క నక్షత్రాన్ని రాతి నుంచి పీకి ఫొటో తీసుకుందామన్న పిల్లవాడికి ఈ కథ చెప్పండి. పీకితే దాని గొట్టాల్లాంటి చిన్ని పాదాలు తెగిపోతాయి.

ఎక్కడిది అక్కడే

మా బృందంలో ఒకే నియమం ఉంది: ఎక్కడిది అక్కడే. రాయి, గుల్ల, గవ్వ, నాచు ఏదీ ఇంటికి రాకూడదు. ఖాళీ గుల్లే కదా అని తెస్తే, ఒక హెర్మిట్ పీతకు ఇల్లు లేకుండా చేసినట్టే. రిజర్వులలో ఇది చట్టం కూడా. రాళ్లు తిరగేయవద్దు, వాటి కింద నీడలో బతికే జీవాలు ఎండకు చనిపోతాయి. ముట్టుకోవాలనిపిస్తే చేయి తడి చేసుకుని ఒక్క వేలితో మెల్లగా తాకండి. వీలైనంతవరకు జీవాలు లేని రాతి మీదే అడుగు వేయండి.

సముద్రానికి వీపు చూపవద్దు

ఇది అన్నిటికంటే ముఖ్యం. ఈ తీరంలో చాలాసేపు చిన్న అలలు వచ్చి, హఠాత్తుగా ఒక పెద్ద అల ఒడ్డు మీదకు చాలా దూరం దూసుకొస్తుంది. దీన్ని స్నీకర్ వేవ్ అంటారు. ఇలాంటి అలలకు ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. విశాఖ బీచ్‌లోలా గోరువెచ్చని నీళ్లు కావు ఇవి. ఏడాది పొడుగునా 50 నుంచి 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా మాత్రమే ఉంటాయి. పడిన మనిషికి ఆ చలికి ఊపిరే అందదు.

అందుకని మేము పాటించే పద్ధతులు ఇవి:

- ముందురోజు అలల సూచన చూస్తాం. హెచ్చరిక ఉంటే, ఎంత మంచి ఆటు అయినా ప్రయాణం మానుకుంటాం.
- కిందికి దిగే ముందు ఇరవై నిమిషాలు పైనుంచి అలలను గమనిస్తాం.
- పెద్దవాళ్లలో ఒకరు ఫోను జేబులో పెట్టి, సముద్రం వైపు చూస్తూ కాపలా ఉంటారు. వంతులవారీగా మారతారు.
- పట్టున్న బూట్లు వేసుకుంటాం. చెప్పులతో నాచు మీద నడవం. జూలైలో కూడా స్వెట్టర్ తీసుకెళతాం.
- ఎవరైనా నీళ్లలో పడితే వెనకే దూకకూడదు. 911కి ఫోన్ చేసి, మనిషిని కంటితో వదలకుండా చూస్తూ ఉండాలి.

పిల్లలకు పని

1. మీ ఇంటి క్యాలెండరులో వచ్చే అమావాస్య, పౌర్ణమి ఎప్పుడో రాయండి. ఆ రోజుల ఆటు సమయాలు పట్టికలో చూసి పక్కన రాయండి.
2. ఒకే మడుగు దగ్గర పది నిమిషాలు కదలకుండా కూర్చుని, కదిలిన జీవాలను లెక్కపెట్టండి.
3. నత్త, పీత, గుల్ల, గవ్వ, నాచు, అల, నురగ, పోటు, ఆటు: ఈ మాటలతో ఒక్కొక్క వాక్యం రాయండి.
4. చూసినవాటిలో ఒకదాని బొమ్మ వేసి, అది ఏ అంతస్తులో ఉందో రాయండి.

సముద్రం ఎప్పుడూ అక్కడే ఉంటుంది కదా, ఎప్పుడో ఒకప్పుడు వెళ్లవచ్చులే అనుకుంటాం. కానీ ఈ మడుగుల తలుపులు మన తీరికను బట్టి తెరుచుకోవు, చందమామ చెప్పినప్పుడే తెరుచుకుంటాయి. రెండు గంటల్లో మూసుకుంటాయి. ఆ రెండు గంటలూ అతిథుల్లా మసలుకుంటే, మన తర్వాత వచ్చే పిల్లలకూ నక్షత్రాలు కనిపిస్తాయి. ఈ ఆదివారం బడి నుంచి ఇంటికి వెళ్లగానే క్యాలెండరు తీయండి మరి!