పై చదువుకు డబ్బు ఎవరిస్తారు? – విండ్సర్ నుండి ఒక వివరణ

మారిషస్‌లోని మన వారు పిల్లలను విండ్సర్‌కు పంపదలచినప్పుడు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఒకటున్నది. "అది ప్రభుత్వ విశ్వవిద్యాలయమే గదా, మరి ఫీజు ఇంత ఎందుకు?" అని. న్యాయమైన ప్రశ్నే. మన ద్వీపంలో ప్రభుత్వ విద్యాసంస్థలలో మొదటి డిగ్రీకి ఫీజు లేకుండా 2019లో ఏర్పాటు చేసినారు. అటువంటి దేశం నుండి వచ్చే కుటుంబానికి ఇక్కడి ఫీజు కాగితం చూడగానే గుండె జారుతుంది. దీనికి జవాబు చెప్పవలెనంటే ఈ దేశంలో చదువుకు, పరిశోధనకు డబ్బు ఏ దారిన వచ్చునో చెప్పవలెను. కొన్ని లెక్కలు తప్పవు. పాఠకులు ఓపిక పట్టవలెనని మనవి.

కెనడాలో 1867 నాటి రాజ్యాంగ చట్టం ప్రకారం విద్య రాష్ట్రముల చేతిలోనిది. ఇక్కడ వాటిని ప్రావిన్సులు అంటారు, మనది ఒంటారియో. కనుక విశ్వవిద్యాలయమునకు గోడలు, దీపాలు, అధ్యాపకుల జీతాలు, ఇవన్నీ ఒంటారియో ఇచ్చే గ్రాంటు నుండి, విద్యార్థుల ఫీజు నుండి రావలెను. కేంద్ర ప్రభుత్వం ఒకప్పుడు నేరుగా కూడ ఇచ్చేది. విన్సెంట్ మాసీ అధ్యక్షతన కూర్చున్న సంఘము 1951లో సలహా ఇవ్వగా, ప్రావిన్సు జనాభాలో తలకు 50 సెంట్ల చొప్పున విశ్వవిద్యాలయాలకు పంచినారు. 1967లో ఆ పద్ధతి మార్చి ప్రావిన్సులకే ఇవ్వసాగినారు. పరిశోధన మాత్రం ఆటవా చేతిలోనే ఉండిపోయినది. నేడు మూడు మండలులు ఆ డబ్బు పంచుతున్నవి: ప్రకృతి శాస్త్రాలకు, ఇంజనీరింగుకు ఒకటి, సామాజిక శాస్త్రాలకు, మానవ విద్యలకు ఒకటి, ఆరోగ్య పరిశోధనకు ఒకటి. మొదటి రెండు 1970ల చివరలో, మూడవది 2000లో ఏర్పడినవి.

ఉమ్మడి కుటుంబంలో అన్న బియ్యం తెస్తాడు, తమ్ముడు కూర తెస్తాడు. కట్టెలు ఎవరు తేవలెనన్నదే తగాదా. ఇక్కడ జరిగేది అదే. ఆటవా నుండి ఒక ప్రొఫెసరుకు ప్రయోగమునకై గ్రాంటు వస్తుంది. ఆ ప్రయోగశాలకు కరెంటు, మరమ్మతు, లెక్కలు వ్రాసే గుమాస్తా, వీటి ఖర్చులో కొంత భాగమే ఆటవా వేరుగా ఇస్తుంది. మిగిలినది విశ్వవిద్యాలయం తన చేతి నుండి పెట్టుకొనవలెను.

ఆ చేయి ఖాళీ అయినది ఎట్లాగో చూడండి. ఒంటారియో ప్రభుత్వం 2019లో స్థానిక విద్యార్థుల ఫీజును నూటికి పది తగ్గించి, తరువాత అక్కడనే నిలిపివేసినది. విద్యార్థికి మేలే, అందులో సందేహము లేదు. కాని తగ్గిన పదిని గ్రాంటు పెంచి పూడ్చలేదు. ఫీజు ఇష్టానుసారం పెంచుటకు అప్పుడు వీలుండినది విదేశీ విద్యార్థుల వద్ద మాత్రమే. వారికి ఓటు లేదు. అందుచేత కళాశాలలు, విశ్వవిద్యాలయాలు వారిని మరింతమందిని పిలిచినవి. మారిషస్ నుండి వచ్చే పిల్లవాడు కట్టే ఫీజులో అతని చదువు ఖర్చుతో పాటు, ఒంటారియో ఇవ్వక వదలినది కూడ కొంత ఉన్నది. మీ ప్రశ్నకు మా జవాబు ఇదే.

సడ్బరీలోని లారెన్షియన్ విశ్వవిద్యాలయం 2021 ఫిబ్రవరిలో అప్పులు తీర్చలేక కోర్టు రక్షణ కోరినది. ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం వ్యాపార సంస్థవలె దివాలా మెట్లెక్కినది! తరువాత 2023లో ప్రభుత్వమే నియమించిన నిపుణుల సంఘం, ఆలన్ హారిసన్ అధ్యక్షతన, ఒక్కొక్క విద్యార్థికి ఇచ్చే గ్రాంటును నూటికి పది పెంచుమని, ఫీజును నూటికి అయిదు పెంచనిమ్మని సలహా ఇచ్చినది. ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో మూడేండ్లకు సుమారు 130 కోట్ల డాలర్లు ప్రకటించి, ఫీజు నిలుపుదలను 2026–27 వరకు పొడిగించినది. అంతకు నెల ముందే ఆటవా విదేశీ విద్యార్థుల అనుమతులను ఆ సంవత్సరానికి నూటికి 35 తగ్గించినది. ఇండ్ల కొరత మొదలైన కారణాలు చెప్పినారు. ఆ కారణాలు అబద్ధమని మేము అనము. కాని ఒక ప్రభుత్వం ఒక తలుపు మూసిన తరువాత మరొక ప్రభుత్వం రెండవ తలుపు మూసినది. మధ్యనున్న వారి సంగతి ఏమి?

విండ్సర్ చిన్న ఊరు. నది దాటితే డెట్రాయిట్. కార్లు చేసి బ్రతికే ఊరు. ఇక్కడి విశ్వవిద్యాలయం 1857లో అసంప్షన్ కళాశాలగా పుట్టి, 1963లో నేటి పేరు పొందినది. మహా సరస్సుల నీటిని పరిశోధించే సంస్థ 1981 నుండి ఉన్నది. 1996లో క్రైస్లర్ కంపెనీ ఈ విశ్వవిద్యాలయంతో కలిసి కార్ల పరిశోధన కేంద్రమును తెరచినది. ఇంజనీరింగు, కంప్యూటరు తరగతులకు ఆంధ్ర, తెలంగాణల నుండి వచ్చిన యువకులు చాలమంది. బస్సు కొరకు నిలిచిన చోట తెలుగు వినబడుతుంది. సాయంకాలపు తరగతులలో నేర్చిన మా "వచ్చినది, పోయినది" విని వారు నవ్వుతారు. మేమూ నవ్వుతాము. వారి ఇండ్లలో అమ్మిన పొలం సంగతి, బ్యాంకు అప్పు సంగతి చెప్పినప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాదు.

ఇదే ఊరిలో 2022 మార్చిలో విద్యుత్ కార్ల బ్యాటరీ కర్మాగారాన్ని ప్రకటించినారు. దానికి ఆటవా, ఒంటారియో కలసి 1,500 కోట్ల డాలర్ల వరకు ఇత్తుమని 2023లో ఒప్పుకొన్నవి. తయారైన బ్యాటరీని బట్టి ఇచ్చే సొమ్ము గనుక ఒక్కమారు ఇచ్చేది కాదు. అయినను దేశం మొత్తం మీద మూడు మండలుల మూల గ్రాంటులకు 2024 బడ్జెట్టులో అయిదేండ్లకు పెంచినది 180 కోట్లు. కర్మాగారం వద్దని మా అభిప్రాయం కాదు. మా పాఠశాల పిల్లల తండ్రులు అటువంటి పనుల మీదనే బ్రతుకుతున్నారు. రేపటి బ్యాటరీని కనిపెట్టవలసిన విద్యార్థికి ఏమి ఇస్తున్నారన్నది మా ప్రశ్న. మాస్టర్స్ విద్యార్థికి కేంద్రం ఇచ్చే వేతనం 2003 నుండి ఇరువది ఏండ్లు 17,500 డాలర్ల వద్దనే నిలిచినది. ఫ్రెడరిక్ బూషార్ అధ్యక్షతన 2023 మార్చిలో వచ్చిన నివేదిక, మండలుల మూలధనాన్ని అయిదేండ్లు ఏటేటా కనీసం నూటికి పది పెంచవలెనని కోరినది. ఆ మే నెల మొదటి తేదీన పరిశోధక విద్యార్థులు దేశమంతటా ప్రయోగశాలలు వదలి బయటకు వచ్చినారు. 2024 బడ్జెట్టులో ఆ వేతనం 27,000కు, డాక్టరేటుది 40,000కు పెరిగినది. నివేదిక అడిగినంత రాలేదు, వచ్చినది చిన్నదీ కాదు.

ప్రతి ఏటా తప్పక వచ్చే డబ్బు ఏమి చేయగలదో చెరకుతోటల పిల్లలమైన మనకు వేరే చెప్పనక్కరలేదు. మారిషస్‌లో రెడ్యూయి వద్ద 1953లో స్థాపించిన చక్కెర పరిశ్రమ పరిశోధన సంస్థ చక్కెర మీద వేసిన పన్నుతోనే నడచినది. చెరకు వంగడం ఒకటి ఎంచి, పెంచి, రైతుకు ఇచ్చేసరికి పది, పదిహేను ఏండ్లు పట్టును. అంతకు ముందు ద్వీపమంతా కమ్మిన ఎం 134/32 అనే రకం పేరులోని 32 అది పుట్టిన 1932ను చెప్పుతుంది. మంత్రి మారగానే ఆగిపోయే గ్రాంటుతో అటువంటి పని సాగదు. అయితే ఇందులో రెండవ సంగతి కూడ ఉన్నది. చక్కెర పన్ను కట్టినది తోట, పరిశోధించినది చెరకును. చెరకు వరుసల నడుమ బంగాళాదుంప వేయుట వంటి పనులు తరువాత వచ్చినవి. ఆ చెరకు నరికిన మన తాతలకు, వారి పిల్లల బడికి ఆ పన్నులో భాగము లేదు. డబ్బు ఎవరిదో ప్రశ్న కూడ వారిదే అగును. కర్మాగారం కోరిన పరిశోధనకు మాత్రమే డబ్బు ఉన్న ఊరిలో సరస్సు నీటిని ఎవరు చూడవలెను?

ఇక విండ్సర్‌కు పంపదలచిన వారికి. ఇంజనీరింగులో రెండు మాస్టర్స్ డిగ్రీలు ఉన్నవి. పేర్లు దగ్గరగా ఉండుటచేత చాలమంది పొరబడుతున్నారు. మాస్టర్ ఆఫ్ ఇంజనీరింగు తరగతుల చదువు, ఖర్చంతా మీదే. మాస్టర్ ఆఫ్ అప్లైడ్ సైన్స్ పరిశోధన చదువు. ప్రొఫెసరు గ్రాంటు ఉంటే విద్యార్థికి దాని నుండి కొంత వేతనం దొరకవచ్చును. కనుక దరఖాస్తుకు ముందే ప్రొఫెసరుకు వ్రాయవలెను, గ్రాంటు ఎన్ని ఏండ్లు మిగిలి ఉన్నదో అడుగవలెను. అడుగుట తప్పు కాదు. ఫీజు కాక, ఒంటరి విద్యార్థి జీవనమునకు చూపవలసిన సొమ్ము 10,000 డాలర్ల నుండి 2024 జనవరిలో 20,635కు, 2025 సెప్టెంబరులో 22,895కు పెరిగినది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో మాస్టర్స్, డాక్టరేటు చదువులను 2026 జనవరి 1 నుండి అనుమతుల పరిమితిలో లెక్కించుట మానినారు. కళాశాల డిప్లొమాలకు ఈ మినహాయింపు లేదు.