గణిత పాఠములో యంత్రమునకు ఎంత చోటు?

మన గ్రామ ప్రాథమిక పాఠశాలలకు ఇటీవలి కాలమున కొత్త పరికరములు వచ్చి చేరినవి. 2019 నవంబరు 14న ప్రారంభమైన ‘మన బడి నాడు-నేడు’ కార్యక్రమము క్రింద అనేక పాఠశాలలు బాగుచేయబడినవి. 2023లో పలు ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు అందినవి. 2017 సెప్టెంబరు 5న ప్రారంభమైన ‘దీక్షా’ వేదికలోని పాఠములను, పుస్తకములో ముద్రించిన క్యూఆర్ గుర్తును సెల్‌ఫోనుతో చూపి తెరువవచ్చును. ఒకసారి దింపుకొన్న పాఠమును ఇంటర్నెట్ లేనప్పుడును చూడవచ్చును.

ఇవి మంచి సాధనములే. అయితే కర్నూలు, కడప జిల్లాల పంచాయతీ సభ్యులు మరియొక ప్రశ్న వేసికొనవలెను: టీవీ వచ్చినందువలన మన పిల్లవానికి తీసివేత వచ్చినదా?

ఇట్టి ప్రయత్నము మనకు మొదటిది కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహము సహాయముతో, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు ప్రసారము చేయబడినవి. ఉదయపు వేళ బడిపిల్లలకు పాఠములుండెడివి. ఉపాధ్యాయులకును ఆ ప్రసారముల ద్వారా శిక్షణ ఇచ్చిరి. ఏడాది గడువు తీరగానే ఆ ఉపగ్రహ ప్రసారములు నిలిచిపోయినవి. పాఠము చెప్పుటకు ఊరిలో మిగిలినవాడు ఉపాధ్యాయుడే. కావున ఏ యంత్రమైనను ఉపాధ్యాయుని పాఠ పథకములో ఇముడవలెనే గాని, పథకము యంత్రము వెంట నడువరాదు.

ఒక ఉదాహరణ చూతము. మూడవ తరగతి పిల్లవానికి 402 నుండి 178 తీసివేయమని లెక్క ఇచ్చినారు. అతడు 376 అని వ్రాసినాడు. ఇది అజాగ్రత్త వలన వచ్చిన తప్పు కాదు. ప్రతి స్థానములోను పెద్ద అంకె నుండి చిన్న అంకెను తీసివేయవలెనని అతడు తలచినాడు. 4 నుండి 1 పోగా 3, 7 నుండి సున్న పోగా 7, 8 నుండి 2 పోగా 6. స్థానపు విలువ అతనికి తెలియలేదు. ఇట్టి పిల్లవానికి టీవీలో పది లెక్కలు చూపినను పదకొండవ లెక్క కూడ తప్పుగానే చేయును.

దీనికి నలువది నిమిషముల పాఠమును ఇట్లు పథకము వేయవచ్చును. మొదటి అయిదు నిమిషములు నోటిలెక్కలు. పిదప పన్నెండు నిమిషములు కాగితములతో చేసిన నూరు రూపాయల, పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్ళలు పిల్లల చేతికి ఇచ్చి అంగడి ఆట ఆడించవలెను. 402 రూపాయలున్న పిల్లవాడు 178 రూపాయలు చెల్లించవలెను. అతడు ఒక నూరు నోటును మార్చి పది పదులు తెచ్చుకొనును. అందులో ఒక పదిని మార్చి పది బిళ్ళలు తెచ్చుకొనును. ఇప్పుడు చేతిలో మూడు నూర్లు, తొమ్మిది పదులు, పన్నెండు రూపాయలు ఉన్నవి. చెల్లించగా మిగిలినది 224. చిల్లర మార్చుట తెలియని ఇల్లు మన పల్లెలలో లేదు గదా!

ఇప్పుడు ఆరు నిమిషములు తెర. చేతితో చేసిన మార్పు బొమ్మగా కనిపించును, నడుమ ఆపి, “తరువాత ఏమి జరుగును?” అని ఉపాధ్యాయుడు అడుగవలెను. పిమ్మట తెర మూసి, పన్నెండు నిమిషములు నోటు పుస్తకములో అభ్యాసము. చివరి అయిదు నిమిషములు ఒక్క లెక్క ఇచ్చి, ఎవరికి వచ్చినదో, ఎవరికి రాలేదో గుర్తించుట. మరునాటి పథకము ఆ గుర్తుల నుండియే పుట్టవలెను. ఎర్రగుంట్ల ప్రాంతమున నేల మీద పరచిన బండలను లెక్కించి వైశాల్యము నేర్పునప్పుడును ఇదే క్రమము: ముందు వస్తువు, తరువాత బొమ్మ, ఆ తరువాత అంకె.

ఒకే ఉపాధ్యాయుడు పలు తరగతులు చూచు బడిలో తెర మరియొక విధముగ ఉపకరించును. ఒక తరగతి పాఠము చూచుచు అభ్యాసము చేయుచుండగా, ఆయన వెనుకబడిన పిల్లల వద్ద కూర్చుండగలడు. కాని ఇదియు ముందుగా పథకములో వ్రాసికొన్ననే సాధ్యము.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన కష్టమొకటి కలదు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వంటి మండలముల నుండి అనేక కుటుంబములు సుగ్గికి, మిరపకాయల కోతలకు గుంటూరు ప్రాంతమునకు పోవుచుండును. వెంట వెళ్ళిన పిల్లలకు బడి తప్పును. గణితము మెట్ల వంటిది. తీసివేత నేర్చుకొను కాలమున లేని బాలిక, తిరిగివచ్చి భాగహారపు పాఠములో మౌనముగా కూర్చుండును. కొంత కాలమునకు బడియే మానును.

2020లో బడులు మూతపడినప్పుడు ఆఫ్రికాలోని బోట్స్వానాలో సాధారణ ఫోనులకు వారమువారము లెక్కలు సందేశముగా పంపి, ఉపాధ్యాయుడు కొద్ది నిమిషములు మాట్లాడగా పిల్లల చదువు మెరుగుపడినట్లు పరిశోధకులు కనుగొనిరి. సుగ్గికి పోవు కుటుంబమునకును ఒక ఫోను ఉండును. పిల్లవాడు ఏ మెట్టు వద్ద ఆగెనో ఒక పుటలో వ్రాసియుంచి, వారమునకొక లెక్క పంపుట మనకు అసాధ్యము కాదు.

ఇందు పంచాయతీ పాత్ర ఏమి? 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనున్న 73వ రాజ్యాంగ సవరణ, పదునొకండవ షెడ్యూలులో ప్రాథమిక విద్యను పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది. 2009 విద్యాహక్కు చట్టము పాఠశాల యాజమాన్య కమిటీలో స్థానిక ప్రతినిధులకు చోటు కల్పించినది. అందు మూడు వంతులు తల్లిదండ్రులే. పాఠము చెప్పు విధము ఉపాధ్యాయుని వృత్తి. అందు మనము జోక్యము చేసికొనరాదు. బడిలో కరెంటు సరిగా ఉన్నదా, వేసవి ధూళి నుండి టీవీకి కప్పు ఉన్నదా, చెడిపోయినచో ఎవరికి తెలుపవలెనో గోడ మీద వ్రాసియున్నదా అని చూచుట మన పని. సుగ్గికి బయలుదేరు కుటుంబముల పట్టికను ముందుగానే ప్రధానోపాధ్యాయునికి అందజేయుట కూడ మన పనియే. ఊరిలో ఎవరు ఎప్పుడు కదలుదురో వార్డు సభ్యునికి తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదు.

మరొక మనవి. బడికి వెళ్ళినప్పుడు “టీవీ పెట్టి చూపండి” అని అడుగవద్దు. అట్లడిగినచో మన రాక కొరకే టీవీ వెలుగును. ఒక పిల్లవానిని దగ్గరకు పిలిచి, “నాలుగు వందల రెండు రూపాయలలో నూట డెబ్బది ఎనిమిది ఖర్చుచేసితివి, ఎంత మిగిలినది?” అని ప్రేమతో అడుగుడు. అతని జవాబు వలన ఆ యంత్రము ఉపయోగపడినదో లేదో మనకు తెలియగలదు.